అండర్‌గ్రౌండ్ మెటల్ చరిత్రను రికార్డు చేయడం ఎలా? క్యాసెట్ల పెట్టె నుంచి పుస్తకం దాకా

"ఒక దేశపు మెటల్ సీన్ చరిత్ర రాద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగినవాళ్ళందరికీ నేను ముందు చెప్పేది ఒకటే. రాయడంతో మాత్రం మొదలుపెట్టకండి. (మెటల్ అంటే గిటార్లు హోరెత్తే రాక్ సంగీతం, సీన్ అంటే ఆ బ్యాండ్లు, అభిమానులు, షాపులు అన్నీ కలిసిన లోకం.)

రాయడం చివరి పని. అంతకంటే ముందు వస్తువులు దొరకాలి, అవి పాడైపోకముందే కాపీ తీయాలి, మనుషులతో మాట్లాడాలి, వాళ్ళు చెప్పింది వస్తువులతో సరిచూడాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో నాకు అనుభవమే. ముప్పై పేజీలు రాసి మురిసిపోతుండగా ఒక ఫ్లయర్ (షో ప్రకటన కాగితం) దొరికింది, దాని దెబ్బకి సగం పేజీలు కొట్టేశాను.

కింద చెప్పేదంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: మీరు రాసిన ఏ వాక్యం చూపించి "ఇది నీకెలా తెలుసు?" అని అడిగినా, చూపించడానికి ఒక వస్తువో ఒక రికార్డింగో మీ దగ్గర ఉండాలి.

## 1. ముందు గిరి గీసుకోండి

ఒక్క పేజీ చాలు. ఏ దేశం, ఏ ఏళ్ళు, ఏ సంగీతం, "అండర్‌గ్రౌండ్" అంటే మీ లెక్కలో ఏంటి, ఈ నాలుగూ రాసుకోండి. ఇది రాయకుండా దిగితే ఏడాది తర్వాత మీ దగ్గర ఆరు వందల బ్యాండ్ల పేర్లు ఉంటాయి, చరిత్ర ఉండదు.

దేశం అనే మాట అనుకున్నంత తేలిక కాదు. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది, చెకోస్లోవేకియా 1993లో రెండు దేశాలైంది, యుగోస్లావియా సంగతి సరేసరి. 1988లో మొదలైన బ్యాండ్‌ని ఏ దేశం కింద వేస్తారు? నేనైతే బ్యాండ్ ఆ సమయంలో ఎక్కడ ప్రాక్టీస్ చేసిందో ఆ ఊరి పేరు రాస్తాను, దేశం పేరు పక్క కాలమ్‌లో పెడతాను. ఊరి పేరు మీద గొడవలు తక్కువ.

సంగీతం విషయంలో మరీ మడి కట్టుకోకండి. చాలా దేశాల్లో తొలి రోజుల్లో పంక్, హార్డ్‌కోర్ (పంక్‌లో ఇంకా వేగమైనది), థ్రాష్ (వేగమైన మెటల్) వాళ్ళు ఒకే హాల్లో వాయించారు, ఒకే ఆంప్ (గిటార్ శబ్దం పెంచే యాంప్లిఫయర్) పంచుకున్నారు, డ్రమ్మర్ అయితే అందరికీ ఒక్కడే. "ఇది మెటల్ కాదు" అని పంక్ వాళ్ళని వదిలేస్తే సగం కథ పోతుంది.

ముగింపు ఏడాది కనీసం పదేళ్ళ కిందటిది పెట్టుకోండి. నిన్నటి గొడవల గురించి ఎవరూ నిజం చెప్పరు.

## 2. పట్టిక ముందు, ఫోల్డర్లు తర్వాత

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. అందులో ఎనిమిది షీట్లు పెట్టండి:

- మనుషులు
- బ్యాండ్లు
- రికార్డింగులు
- విడుదలలు
- షోలు
- చోట్లు (స్టూడియోలు, హాళ్ళు, రిహార్సల్ గదులు, షాపులు)
- వస్తువులు (మీరు చేత్తో పట్టుకున్న ప్రతి క్యాసెట్, ఫ్లయర్, ఉత్తరం)
- మాటలు (ఎవరు, ఎప్పుడు, ఏమని చెప్పారు)

ఎనిమిదో షీటే అసలుది. "ఈ డెమో 1989లో రికార్డ్ చేశాం" అని గిటారిస్ట్ చెప్తే (డెమో అంటే బ్యాండ్ సొంతంగా చేసి పంచుకునే రికార్డింగు) అది నిజమని నమోదు కాదు, గిటారిస్ట్ ఆ మాట చెప్పాడన్న సంగతిగా నమోదవుతుంది. బేసిస్ట్ "కాదు, 1990" అంటే అది ఇంకో వరసలో పడుతుంది. రెండూ ఉంటాయి, ఏదీ చెరపరు.

రికార్డింగు వేరు, విడుదల వేరు. ఒక రిహార్సల్ టేప్ ముందు ఇరవై కాపీలుగా చేతులు మారి, తర్వాత డెమోగా వచ్చి, పాతికేళ్ళకి ఎల్‌పీగా (గ్రామఫోన్ రికార్డుగా) రావచ్చు. మూడు విడుదలలు, రికార్డింగు ఒక్కటే. ఈ రెండూ ఒకే కాలమ్‌లో కలిపేయడం నేను ఎక్కువగా చూసిన తప్పు.

బ్యాండ్ల పేర్లు మారుతుంటాయి. మాంటస్ అనే కుర్రాళ్ళ బ్యాండే 1984లో డెత్ అయింది. హెల్‌హామర్‌ని అదే ఏడాది ఆపేసి అందులోని ఇద్దరు కెల్టిక్ ఫ్రాస్ట్ పెట్టారు. మొదటిది పేరు మార్పు, రెండోది కొత్త బ్యాండ్. మీ పట్టికలో ఈ తేడా కనిపించాలి. అందుకే ప్రతి బ్యాండ్‌కీ, ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇవ్వండి, పేరు మారినా నంబర్ మారదు. మనుషులకైతే ఇది మరీ అవసరం, సగం మందికి స్టేజి పేర్లే తప్ప అసలు పేర్లు ఎవరికీ తెలియవు.

తేదీ సందేహంగా ఉంటే ఊహించి నింపకండి. అంతర్జాతీయ తేదీల ప్రమాణంలో 2019 నుంచి దీనికో పద్ధతి ఉంది: సందేహమైతే ఏడాది పక్కన ప్రశ్నార్థకం (1991?), ఇంచుమించుగా అయితే టిల్డె గుర్తు (1991~). ఇది అలవాటు చేసుకుంటే తర్వాత మీ మీద మీకే కోపం రాదు.

## 3. వస్తువుల వేట

అందరూ చేసే పని గాయకుడి దగ్గరికి పరిగెత్తడం. గాయకుల దగ్గర కథలు ఉంటాయి, వస్తువులు ఉండవు. వస్తువులు దాచుకునేది వేరే రకం మనుషులు: క్యాసెట్లు ట్రేడ్ చేసినవాళ్ళు (పోస్టులో ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు), ఫ్యాన్‌జైన్ (అభిమానులు సొంతంగా వేసే చిన్న పత్రిక) వేసినవాళ్ళు, ముందు వరసలో నిలబడి ఫోటోలు తీసినవాళ్ళు, స్టూడియో ఇంజనీర్లు, ఫ్లయర్లు గీసినవాళ్ళు, పెద్దగా పేరు రాని బేసిస్టులు. ఎవరి పేరూ తెలియకపోతే డెమో కవర్ మీద "థ్యాంక్స్" జాబితా చదవండి. ఆ కాలపు ఫోన్ డైరెక్టరీ అనుకోండి దాన్ని.

టేప్ ట్రేడర్లని మాత్రం వదలొద్దు. 1980లలో, 90ల మొదట్లో డెమోలు దేశాలు దాటింది వీళ్ళ కవర్లలోనే. వాళ్ళు స్టాంపుల మీద జిగురు పూసేవాళ్ళు, అవతలి మనిషి పోస్టు ముద్ర కడిగేసి స్టాంపు తిరిగి పంపేవాడు, దాన్నే మళ్ళీ అంటించేవాళ్ళు. ఆ కవర్లలో క్యాసెట్‌తో పాటు వేరే బ్యాండ్ల చిన్న ఫ్లయర్లు గుప్పెడు ఉండేవి. మీకు పనికొచ్చేవి మూడు: ఉత్తరం మీది తేదీ, ట్రేడ్ లిస్ట్ (ఎవరి దగ్గర ఏ టేపులున్నాయో), ఆ ఫ్లయర్లు. సొంత దేశంలో ఒక్క కాపీ మిగలని డెమో ఇంకో ఖండంలో ఎవరి అటక మీదో ఉండటం మామూలే, కాబట్టి వేట దేశం లోపలే ఆపకండి.

తర్వాత, ఎవరూ చూడని చోటు ఒకటుంది: ప్రభుత్వ కాగితాలు. తూర్పు జర్మనీలో బ్యాండ్లు అధికారుల ముందు వాయించి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది, అక్కడి రహస్య పోలీసులు మెటల్ అభిమానుల మీద ఫైళ్ళు కూడా నడిపారు. అంటే ఆ సీన్ గురించి అభిమానుల కంటే శ్రద్ధగా రాసిపెట్టింది వాళ్ళని ఇష్టపడనివాళ్ళు! మీరు చూసే దేశంలో సెన్సార్ దరఖాస్తులు, హాలు అద్దె రసీదులు, కోర్టు కాగితాలు ఉన్నాయేమో అడగండి. పాత పత్రికల్లో వెతికేటప్పుడు "మెటల్" అనే మాటతోనే ఆగొద్దు. "సైతాను", "యువత", "నల్ల బట్టలు" లాంటి భయం పుట్టించే మాటలు ఆ దేశపు భాషలో ఏవో తెలుసుకుని వాటితో వెతకండి.

2000 తర్వాతి కాలానికి కష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే కాగితమే లేదు. అభిమానులు ఉచితంగా వెబ్‌పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది. 2003 నుంచి 2015 దాకా ఎక్కించిన ఫైళ్ళు పోయి ఉండొచ్చని, బ్యాండ్లు పాటలు పెట్టుకున్న సోషల్ సైట్ మైస్పేస్ చెప్పింది, ఆ విషయం 2019లో బయటపడింది. అందులో 2008–2010 నాటి దాదాపు 4,90,000 పాటలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ముందు అక్కడ బ్యాండ్ పేరుతో వెతకండి, తర్వాత వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్‌పేజీల కాపీలు దాచే అక్కడి విభాగం) పాత పేజీ చిరునామా కొట్టి చూడండి. ఆ చిరునామా ఎక్కడ దొరుకుతుంది? డెమో సీడీ వెనక అట్ట మీద.

వస్తువు అరువు తీసుకున్న ప్రతిసారీ ఇవి తప్పనిసరి:

- ఇచ్చినవాళ్ళ ముందే వస్తువు ఫోటో తీయండి
- రెండు కాగితాల మీద రసీదు: ఏమిటి, ఎన్ని, ఎప్పుడు తిరిగిస్తారు, ఇద్దరి సంతకాలు
- వస్తువు నంబర్ అక్కడే రాయండి, సంచి మీద, వస్తువు మీద కాదు
- క్యాసెట్లతో వచ్చిన చిట్టీలు, కవర్లు, రబ్బరు బ్యాండులో కలిసి ఉన్న కాగితాలు ఏ వరసలో ఉన్నాయో అలాగే ఉంచండి

ఆ చివరిది చాలామంది పట్టించుకోరు. ఏ ఫ్లయర్ ఏ కవర్లో వచ్చిందో తెలిస్తేనే దాని తేదీ తెలుస్తుంది.

## 4. క్యాసెట్ ప్లేయర్లో పెట్టే ముందు

తొందరపడి ప్లే నొక్కకండి. నిజంగా చెప్తున్నా.

మొదట పైనున్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొట్టండి. అవి ఉంటే దాని మీద మళ్ళీ రికార్డ్ చేయొచ్చు. ఒకసారి నేను ఇది మర్చిపోయి పొరపాటున వేరే బటన్ నొక్కాను. నాలుగు సెకన్లు పోయాయి. ప్రపంచంలో ఒక్కటే ఉన్న కాపీలో నాలుగు సెకన్లు! క్యాసెట్ యజమానికి ఆ సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

తర్వాత వరసగా:

1. లోపల బూజు తెల్లగా కనిపిస్తే ఆ క్యాసెట్ పక్కన పెట్టి విడిగా సంచిలో కట్టేయండి. మిగతా వాటికి అంటుకుంటుంది, మీ ప్లేయర్‌కి కూడా.
2. టేప్ వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే టేప్ హెడ్‌కి (టేప్‌ని చదివే భాగానికి) సరిగ్గా ఆనదు, శబ్దం మసకగా వస్తుంది. మంచి కొత్త క్యాసెట్ కొని, ఈ టేప్‌ని ఆ డబ్బాలోకి మార్చేయొచ్చు.
3. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలని టేప్ పొరలు అతుక్కుని ఉంటాయి.
4. 120 నిమిషాల క్యాసెట్ అయితే స్పీడుగా తిప్పకండి. ఆ టేప్ బాగా పల్చన, సాగిపోతుంది.
5. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. రబ్బరు చక్రానికి అది వాడకండి, రబ్బరు ఎండిపోతుంది. సబ్బునీళ్ళ తడి చాలు.

రీల్ టేపులు జిగురు జిగురుగా ఉంటే వాటిని ఓవెన్లో వేడి చేసే పద్ధతి ఒకటుంది. అది నిజమే, కానీ ఇంట్లో చేసేది కాదు. ఆ పని తెలిసినవాళ్ళకి ఇచ్చేయండి.

## 5. టేప్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం

24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. సౌండ్ ఆర్కైవుల వాళ్ళు కనీసం 48 అంటారు, 96 మంచిది. ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3 నుంచి వెనక్కి మాత్రం రాలేరు.

ఆజిమత్: ఇది సరిచేయకపోవడమే మసక శబ్దానికి మొదటి కారణం. రికార్డ్ చేసిన మెషీన్ హెడ్ ఏ కోణంలో ఉందో మీ హెడ్ కూడా ఆ కోణంలో ఉండాలి. హెడ్ పక్కనున్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ, శబ్దం మోనోలో వింటూ, సింబల్స్ ఎక్కడ బాగా మెరుస్తాయో అక్కడ ఆపండి. స్క్రూ మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ప్రతి క్యాసెట్‌కీ ఇది మళ్ళీ చేయాలి. విసుగే, తప్పదు.

లెవెల్: మామూలు సంగీతంలో క్లిప్ అయితే (శబ్దం హద్దు దాటి చిరిగితే) చెవికి తెలిసిపోతుంది. ఇక్కడ తెలియదు. గిటార్లు ముందే చిరిగిపోయినట్టుంటాయి కదా, మీ సౌండ్ కార్డు చించిందో బ్యాండ్ చించిందో వినికిడితో పట్టుకోలేరు. కాబట్టి మీటర్‌ని నమ్మండి, బాగా పెద్దగా ఉన్న చోట మైనస్ ఆరు డెసిబెల్స్ దాటనివ్వకండి.

డాల్బీ (టేప్ బుస తగ్గించే ఏర్పాటు): అట్ట మీద డాల్బీ గుర్తు ఉన్నా ఇంట్లో కాపీ చేసినవాడు అది ఆన్ చేశాడని గ్యారంటీ లేదు. నేను ముందు డాల్బీ లేకుండా ఒకసారి ఎక్కిస్తాను, తర్వాత ఆన్ చేసి ఇంకోసారి. రెండూ దాస్తాను.

ఇక స్పీడు. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోకపోతే పాత డెమో అంతా అరస్వరం పైకి వెళ్ళిపోయి "అప్పట్లో ఎంత స్పీడుగా వాయించేవాళ్ళో" అని అబద్ధపు చరిత్ర తయారవుతుంది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, కానీ చవక రికార్డర్లు అటూ ఇటూ నడిచేవి. గిటార్ శ్రుతి చూసి సరిచేద్దామంటే కుదరదు, ఈ సంగీతంలో తీగలు ఎంత కిందికి దించారో వాళ్ళకే తెలియదు.

నేను చేసేది కరెంటు హమ్ వెతకడం. పాట మొదలవడానికి ముందు ఆంప్ "మ్..." అని మోగుతుంటుంది కదా, అది ఆ దేశపు కరెంటుని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ చూపించే ఏ ఆడియో ప్రోగ్రాంలోనైనా ఆ గీత కనిపిస్తుంది. 50 ఉండాల్సింది 51.5 చూపిస్తే టేప్ మూడు శాతం స్పీడుగా తిరుగుతోందన్నమాట. ఆరు శాతం అంటే దాదాపు ఒక అరస్వరం తేడా. ఒక జాగ్రత్త: మీ ప్లేయర్ సొంత హమ్ కూడా అందులో కలుస్తుంది. టేప్ ఆపి చూడండి, అప్పుడు కూడా ఉన్న గీత మీదే, టేప్‌ది కాదు. ఇంకో జాగ్రత్త: మూడో చేతి కాపీ అయితే ఒక్కో కాపీలో ఒక్కో హమ్ చేరి రెండు మూడు గీతలు కనిపిస్తాయి. అప్పుడు ఏదీ సరిచేయకుండా వదిలేసి, ఆ సంగతి పట్టికలో రాయండి.

అసలు ఫైల్‌ని ముట్టుకోకూడదు. హిస్ (టేప్ బుస) తీసేయడం, స్పీడు సరిచేయడం, పాటలుగా విడగొట్టడం, అన్నీ కాపీ మీదే. రెండు పాటల మధ్య మాటలు, నవ్వులు, డ్రమ్మర్ తిట్లు ఉంటాయి చూడండి, అవి కత్తిరించకండి. ఎవరు గదిలో ఉన్నారో తెలిసేది అక్కడే.

ఫైల్ పేర్లలో బ్యాండ్ పేరు పెట్టొద్దు, అది మారొచ్చు. వస్తువు నంబర్, సైడు, ఎన్నో ప్రయత్నం, అంతే: 0042_1_01. మిగతాదంతా పట్టికలో.

## 6. కాగితం, ఫోటో, వీడియో

ఫ్లయర్లు, ఫ్యాన్‌జైన్‌లు 600 డీపీఐలో, రంగుల్లో స్కాన్ చేయండి, నలుపు తెలుపు జిరాక్స్ అయినా సరే. ఒట్టి నలుపు తెలుపు మోడ్‌లో పెన్సిల్ రాతలు, వైట్‌నర్ మరకలు, మడత గీతలు మాయమైపోతాయి. టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైల్ రకం) దాయండి. వెనక వైపు కూడా స్కాన్ చేయండి, ఖాళీగా ఉన్నా. కత్తిరించి అంటించిన ఫ్యాన్‌జైన్ మాస్టర్ దొరికితే ఊడిపోతున్న ముక్కల్ని మళ్ళీ అంటించకండి, లామినేషన్ గురించి అసలు ఆలోచించకండి.

ప్రింట్ కంటే నెగటివ్ అడగండి. ప్రింట్ ఒక్కటే ఉంటుంది, నెగటివ్ రోల్‌లో ముందూ వెనకా ఉన్న ఫ్రేములు కూడా ఉంటాయి, స్టేజి మీద ఎవరెవరు ఏ వరసలో ఎక్కారో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఎల్‌పీ ఉంటే లోపలి వలయంలో గీసిన అక్షరాలు, అంకెలు పక్క నుంచి లైటు వేసి ఫోటో తీయండి. రీప్రెస్‌కీ (మళ్ళీ అచ్చు వేసిన కాపీకి) మొదటి ప్రెస్‌కీ తేడా సాధారణంగా అక్కడ బయటపడుతుంది.

వీడియో టేప్ మూలలో కనిపించే తేదీని నమ్మకండి, చాలామంది కెమెరాలో గడియారం సెట్ చేయనేలేదు.

## 7. మనుషులతో మాట్లాడటం

వస్తువులు తీసుకుని వెళ్ళండి. "అప్పట్లో సీన్ ఎలా ఉండేది?" అని అడిగితే అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయిన కథే వస్తుంది. ఫ్లయర్ చేతికిచ్చి "ఇది ఎవరు గీశారు?" అని అడగండి, ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగని సంగతులు వస్తాయి.

నాకు ఎప్పుడూ పని చేసిన ప్రశ్నలు:

- ఆంప్ ఎవరిది? డబుల్ బేస్ పెడల్ (రెండు కాళ్ళతో డ్రమ్ కొట్టే పెడల్) ఊళ్ళో ఎంతమందికి ఉండేది?
- రిహార్సల్ గదికి తాళం ఎవరి దగ్గర ఉండేది?
- షోకి ఎలా వెళ్ళారు, తిరిగి ఎలా వచ్చారు?
- క్యాసెట్ కవర్లు ఎక్కడ జిరాక్స్ తీశారు, డబ్బులు ఎవరు పెట్టారు?
- మొదటిసారి ఆ రకం సంగీతం ఎవరి క్యాసెట్‌లో విన్నారు? ఆయనకి ఎక్కడిది?

పెడల్ ప్రశ్న చూడటానికి చిన్నది. కానీ ఊళ్ళో ఒక్కటే పెడల్ ఉంటే దాని చుట్టూ అయిదు బ్యాండ్లు తిరిగి ఉంటాయి. అది పట్టుకుంటే సీన్ మొత్తం మ్యాప్ వస్తుంది.

తేదీ గుర్తులేదంటే ఏడాది అడగకండి. ఏదో ఒకదానికి ముడిపెట్టి అడగండి: అప్పుడు చదువుతున్నారా, ఉద్యోగమా? ఆ ఏడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగిందా? జుట్టు ఎంత పొడుగు? (నవ్వకండి, ఫోటోలతో సరిచూస్తే పనిచేస్తుంది.)

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాకే అందరినీ కలపండి. ముందే కలిపితే గొంతు పెద్దగా ఉన్నవాడి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది. షోలు నిర్వహించిన, ఫోటోలు తీసిన, ఫ్యాన్‌జైన్‌లు వేసిన ఆడవాళ్ళని "ఫలానా వాడి గర్ల్‌ఫ్రెండ్" అని ఒక్క మాటలో దాటేయడం ఈ ఇంటర్వ్యూల్లో మామూలు. ఆ మాట వినగానే ఆమె పేరు అడిగి రాసుకోండి, ఆమె దగ్గరికి వెళ్ళండి.

రికార్డింగ్‌కి రెండు పరికరాలు పెట్టండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. మొదట్లోనే తేదీ, చోటు, ఇద్దరి పేర్లు గట్టిగా చెప్పి మొదలుపెట్టండి.

ఇక "మేమే మొదటి బ్యాండ్" అనే మాట. ప్రతి దేశంలో కనీసం నాలుగు మొదటి బ్యాండ్లు ఉంటాయి. వాదించొద్దు, ముక్కలు చేయండి: మొదట సొంత పాట వాయించిందెవరు, మొదట డెమో చేసిందెవరు, మొదట అమ్మిందెవరు, మొదట ఎల్‌పీ వేసిందెవరు? నలుగురూ నిజమే చెప్తున్నారని చాలాసార్లు తేలుతుంది.

## 8. తేదీలు తేల్చడం

పాత ఫ్లయర్ మీద ఏడాది ఉండదు, ఎందుకంటే వచ్చే శనివారం షోకి ఏడాది ఎవరు రాస్తారు? కానీ వారం, తేదీ ఉంటాయి. అది చాలు.

"ఆగస్టు 14, శనివారం" అని ఉందనుకోండి. 1980 నుంచి 2005 దాకా ఆగస్టు 14 శనివారం పడింది నాలుగే నాలుగు సార్లు: 1982, 1993, 1999, 2004. ఆ బ్యాండ్ 1990లో పుట్టి 1996లో విడిపోతే జవాబు 1993 తప్ప ఇంకోటి లేదు. పాత క్యాలెండర్ చూపించే ఏ ప్రోగ్రాంలోనైనా రెండు నిమిషాల పని.

ఇంకా చూడాల్సినవి:

- ఫోన్ నంబర్లో ఎన్ని అంకెలున్నాయి (అంకెలు పెరిగిన ఏడాది టెలిఫోన్ శాఖ రికార్డుల్లో ఉంటుంది)
- ఈమెయిల్ చిరునామా ఉందా, పోస్టు బాక్సు మాత్రమేనా
- క్యాసెట్ ఏ కంపెనీది, ఏ మోడల్: ఆ మోడల్ మార్కెట్లోకి రాకముందు ఆ కాపీ తయారయ్యే వీల్లేదు
- అట్ట మీద బార్‌కోడ్

క్యాసెట్ మోడల్ చెప్పేది ఆ కాపీ తేదీ మాత్రమే, రికార్డింగ్ తేదీ కాదు. 1987 రిహార్సల్ 1995 క్యాసెట్ మీద ఉండొచ్చు.

ఆన్‌లైన్ డేటాబేసుల్లో ఉన్న తేదీని ఆధారంగా తీసుకోకండి, అక్కడ రాసింది కూడా ఎవరో అభిమానే. మీరు ఇంటర్వ్యూ చేసిన మనిషి ఆ పేజీ చూసి మీకు చెప్పి ఉండొచ్చు, అప్పుడు రెండు ఆధారాలు ఉన్నట్టు కనిపిస్తుంది, ఉన్నది ఒక్కటే.

## 9. పేర్లు, అనుమతులు

1997 జనవరిలో ఈజిప్టులో దాదాపు వంద మంది కుర్రాళ్ళని సైతాను పూజ ఆరోపణ మీద పట్టుకున్నారు. 2003లో మొరాకోలో 14 మంది మెటల్ అభిమానులకి కోర్టు శిక్ష వేసింది. ఆ రోజుల్లో వాళ్ళ మీద సాక్ష్యంగా చూపించింది ఏమిటి? టీషర్టులు, సీడీలు, పోస్టర్లు, అంటే సరిగ్గా మీరు ఇప్పుడు పోగుచేస్తున్న సరుకు. కాబట్టి పాత ఫోటోలో ముఖం ఎవరిదో ప్రచురించే ముందు, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ, ఏ పరిస్థితిలో ఉన్నాడో తెలుసుకోండి. అడగడం కుదరకపోతే పేరు లేకుండా వేయండి. ఫ్లయర్ల మీద ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. దాచుకునే కాపీలో ఉంచండి, బయటపెట్టే కాపీలో చెరపండి.

అనుమతి కాగితంలో మూడు గడులు పెట్టండి: దాచుకోవచ్చు, పరిశోధకులకి చూపించొచ్చు, అందరికీ ఆన్‌లైన్లో పెట్టొచ్చు. ఎవరికి నచ్చింది వాళ్ళు టిక్ పెడతారు. గుర్తుంచుకోండి, పాట రాసినవాళ్ళ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు, ఫోటో తీసినవాళ్ళది వేరు. గాయకుడు "పెట్టేయ్ బాస్" అన్నంత మాత్రాన బ్యాండ్ మొత్తం ఒప్పుకున్నట్టు కాదు.

కొన్ని సీన్లలో నాజీ భావజాలం, హింస, చర్చిలు తగలబెట్టడం ఉన్నాయి. ఇబ్బందిగా ఉందని దాచొద్దు, రంజుగా ఉంటుందని పెద్దదీ చేయొద్దు. మరణం, హత్య, ఆత్మహత్య ఉన్న చోట కుటుంబంతో మాట్లాడాకే రాయండి.

## 10. దాచడం

ప్రతిదానికీ మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి వేరే ఊళ్ళో. ఇంట్లో రాసిన సీడీలు దాచే పద్ధతి కాదు. ఎవరైనా సీడీ-ఆర్ డెమో ఇస్తే ఆ వారమే కాపీ తీయండి, వాటి రంగు పొర క్యాసెట్ కంటే ముందే పాడవ్వొచ్చు.

ప్రతి ఫైల్‌కీ షా-256 చెక్‌సమ్ (ఫైల్ కాస్త మారినా మారిపోయే గుర్తు సంఖ్య) తీసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి. ఆరు నెలలకోసారి మళ్ళీ సరిచూడండి. ఏ ఫైల్ చెడిందో తెలిస్తే మిగతా రెండు కాపీల్లోంచి తెచ్చుకోవచ్చు, తెలియకపోతే చెడినదాన్నే మూడు చోట్లకీ కాపీ చేసుకుంటూ పోతారు.

పాస్‌వర్డ్ ఇంకో మనిషికి తెలియాలి. అంతకు మించి దీని గురించి చెప్పేది లేదు.

## 11. ఇప్పుడు రాయండి, తర్వాత తిరిగి ఇచ్చేయండి

ఏడాది వరసలో రాస్తే చప్పగా వస్తుంది. ఒక రిహార్సల్ గది, ఒక షాపు, ఒక పెడల్, ఇలా చోట్లు, వస్తువులు పట్టుకుని రాయండి. ఏడాదుల వరస వెనక పట్టికగా ఇవ్వండి. ఇద్దరి మాటలు కలవని చోట ఇద్దరివీ రాసి, మీరు ఎవరి వైపో, ఏ వస్తువు చూసి ఆ మాట అంటున్నారో చెప్పండి.

అచ్చుకి ముందు, ఎవరి మాటలు వాడారో వాళ్ళకి ఆ పేరాలు పంపండి. తప్పుంటే దిద్దుతారు, కోపమొస్తే ఫోన్ చేస్తారు, ఎలా చూసినా కొత్త సంగతి ఒకటి దొరుకుతుంది. పట్టిక, అనుమతి ఉన్న ఫైళ్ళు ఆ దేశపు జాతీయ గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో ఒక కాపీ ఇవ్వండి.

వస్తువులు రసీదులో రాసిన తేదీకి వెనక్కి వెళ్ళాలి. క్యాసెట్‌తో పాటు ఒక పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైల్, వినడానికి వీలుగా ఎంపీ3 కూడా పెట్టండి. ఇచ్చేటప్పుడు అక్కడే ప్లే చేసి వినిపించండి, రికార్డర్ ఆన్‌లో ఉంచి. ముప్పై ఏళ్ళ తర్వాత తన పాట తను వింటున్న మనిషి, ఇంటర్వ్యూలో గుర్తురాని డ్రమ్మర్ పేరు ఒక్కోసారి అప్పుడు చెప్తాడు.